క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన ‘మండే నది’ బీరు తాగాను, మన గోస్తనికి ఇలాంటిది చేస్తే కుదురుతుందా?

వాల్తేరు అప్‌ల్యాండ్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం సాయంత్రం మా డాబా మీద కూర్చుని ఒక బీరు తాగాను, నాలుగు రోజులైనా ఆ సంగతి బుర్రలోంచి పోవడం లేదు. ఇక్కడ బీరు తయారుచేసేవాళ్లున్నారు, మన విశాఖ దగ్గరి గోస్తని నది పక్క ఊళ్లవాళ్లూ ఉన్నారు, అందుకే అడుగుతున్నాను. కొంచెం పొడుగైంది, ఏమనుకోకండి.

మా బావగారు అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో ఉంటారు. ఈసారి వస్తూ బట్టల మధ్య చుట్టి అయిదు సీసాలు తెచ్చారు (కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్ల దాకా వదులుతారు, ఇవి 355 మిల్లీలీటర్ల సీసాలు కాబట్టి అయిదు పట్టాయి). బీరు పేరు ‘బర్నింగ్ రివర్ పేల్ ఏల్’ (పేల్ ఏల్ అంటే లేత రంగు బీర్లలో ఒక రకం), చేసేది అక్కడి గ్రేట్ లేక్స్ బ్రూయింగ్ కంపెనీ, ఇద్దరు అన్నదమ్ములు 1988లో పెట్టింది. పేరుకి అర్థం మండే నది. నది మండడమేంటి బావగారూ, ఏదో కవిత్వంగా పెట్టారా అని అడిగితే, కాదు, నిజంగానే మండింది అన్నారు.

వాళ్ల ఊరి నడుమనుంచి కయహోగా అనే నది మెలికలు తిరుగుతూ వెళ్లి ఈరీ సరస్సులో కలుస్తుంది. ఒకప్పుడు ఒడ్డు పొడుగునా ఉక్కు మిల్లులు, నూనె, రంగుల ఫ్యాక్టరీలు, అన్నిటి మురికీ అందులోకే. 1969 జూన్ 22న, అదీ ఒక ఆదివారమే, నీళ్ల మీద తేలుతున్న నూనె తెట్టుకి నిప్పంటుకుని రెండు రైలు వంతెనలు దెబ్బతిన్నాయి. అరగంటలో ఆర్పేశారు. ఫోటో తీసేవాళ్లు వచ్చేసరికే మంట లేదు, తర్వాత టైమ్ పత్రిక వేసిన ఫోటో 1952లో వచ్చిన ఇంకో మంటది. అంటే అది మొదటిసారి కాదు, 1868 నుంచి పదిసార్లకు పైనే అంటుకుంది, ఊరివాళ్లకి అదో మామూలు సంగతి అయిపోయింది. ఈసారి మాత్రం మేయర్ కార్ల్ స్టోక్స్ మర్నాడే విలేకరుల్ని నది దగ్గరికి తీసుకెళ్లి అంతా చూపించాడు, కథ దేశమంతా పాకింది, 1972లో నీటి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. 2019లో, మంట వచ్చిన యాభయ్యో ఏట, ఆ నది చేపలు తినొచ్చని అక్కడి పర్యావరణ శాఖే చెప్పింది. ఈ కంపెనీ తమ ఊరు తలవంచుకున్న ఆ రోజునే సీసాకి పేరుగా పెట్టుకుంది, బర్నింగ్ రివర్ ఫెస్ట్ అని పండగలా జరిపి, దాని మీద వచ్చిన డబ్బు నీటిని కాపాడే పనులకి ఇస్తూ వచ్చింది.

మనదీ ఉక్కు ఊరే, నూనె శుద్ధి ఊరే, రేవు ఊరే. మన మేఘాద్రిగెడ్డ వాగు చివరికి వెళ్లి కలిసేది హార్బర్లోనే. నేను పుట్టి పెరిగింది ఇక్కడ, ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఏ నదివో మొన్నటిదాకా నాకు సరిగ్గా తెలియదు, అందులో గోస్తని నీళ్లూ ఉన్నాయని ఆ రాత్రి కూర్చుని చదివాక తెలిసింది. అది మాత్రం నిజంగా బాధనిపించింది.

ఇక రుచి సంగతి. మొదటి సీసా ఫ్రీజర్లోంచి తీసి గబగబా తాగేశాను, చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. రెండోది బావగారు చెప్పినట్టు ఫ్రిజ్ కింది అరలోంచి తీసి పిట్టగోడ మీద పావుగంట ఉంచాం. మన ఉక్కకి సీసా అంతా చెమట పట్టి, గోడ మీద గుండ్రంగా తడి మరక పడింది. గాజు గ్లాసులో పోస్తే పలచటి టీ డికాషన్ రంగు, పైన రెండు వేళ్ల మందాన నురగ. ముక్కు దగ్గర పెట్టుకుంటే పంపరపనస ఒలిచినప్పుడు తొక్కలోంచి చిమ్ముతుందే, అచ్చం ఆ వాసన. నోట్లో ముందు దోరగా వేయించిన గోధుమరవ్వ కమ్మదనం, దాని వెనకాలే చేదు. ఆ చేదు కాకరకాయది కాదు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు పంటి కింద పడినప్పటిది. నాలుక వెనక కాసేపు కూర్చుని శుభ్రంగా వెళ్లిపోతుంది, ఇంకో గుక్క వేయాలనిపిస్తుంది. అమ్మ వేయించి పంపిన నెత్తళ్లతో బ్రహ్మాండంగా కుదిరింది. నేను ఇన్నాళ్లూ తాగిన స్ట్రాంగ్ బీర్లలో నాకు చేదు తెలుసు, కిక్కు తెలుసు, వాసన అనేది ఒకటుంటుందని తెలియదు.

నా ప్రశ్న ఇది. విశాఖలో కూడా ఇప్పుడు అక్కడికక్కడే బీరు కాచి గ్లాసుల్లో పోసే చోట్లు వచ్చాయి కదా, వాళ్లలో ఎవరైనా గోస్తని పేరుతో ఒక బీరు చేసి, వచ్చినదాంట్లో కొంత నదికి ఇస్తే ఎలా ఉంటుంది? చేస్తే ఎలాంటి బీరు చేయాలి? అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బు నదిదాకా వెళ్తుందా, లేక పేరు వాడుకుని వదిలేస్తారా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.


మాల్టూ హాప్సూ

తొమ్మిదేళ్లుగా ఇదే పని నాది, బీరు కాస్తాను. మీరు రుచి రాసిన తీరు బాగుంది, పంపరపనస తొక్క అన్నారు చూశారా, అది కాస్కేడ్ అనే రకం హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు). అమెరికాలో ఓరెగాన్‌లో పెంచి 1972లో బయటికి వదిలారు, ఆ తర్వాత వచ్చిన అమెరికన్ పేల్ ఏల్స్ అన్నీ దాదాపు దాని భుజాల మీద నడిచినవే. మీరు చెప్పిన నీటి చట్టమూ 1972దే, ఆ రెండూ ఒకే ఏడాదివని ఇప్పుడు ఇది రాస్తుంటేనే గమనించాను. మిగిలిన సీసాలు దాచుకోకండి, హాప్స్ వాసన నెలలు గడిచేకొద్దీ పోతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా పోతుంది. కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం ఉంచినా చాలు, మన ఎండకి పాడైపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. నది పేరుతో బీరు చేస్తామనేవాళ్లు ముందు తమ డ్రైనేజీ పైపు ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. బీరులో 90 శాతం పైన నీళ్లే, అది గ్లాసులో కనిపించే నీళ్లు. కనిపించనివి ఇంకా ఎక్కువ. లీటరు బీరు తయారుకావడానికి పెద్ద ఫ్యాక్టరీల్లోనే నాలుగైదు లీటర్లు ఖర్చవుతాయి, మాలాంటి చిన్న చోట్ల ఏడెనిమిది లీటర్లు సులువుగా దాటుతుంది, ఎందుకంటే ట్యాంకు చిన్నదైనా కడగడం మాత్రం పెద్ద ట్యాంకులాగే కడగాలి. ప్రతి బ్యాచ్‌కీ వేడినీళ్లు, కాస్టిక్ సోడా, మళ్లీ నీళ్లు. ఈ నీళ్లు ఎక్కడివి? రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లవి, ఏలేరు కాలువవి. అంటే బీరు కాసే ప్రతివాడూ ముందే నదికి బాకీ పడి ఉన్నాడు.

ఒక సంగతి చెప్తాను, చెప్పుకోవడానికి ఇబ్బందిగానే ఉంది. నేను ఇదివరకు పనిచేసిన ఒక చోట, బీరు పులిశాక ట్యాంకు అడుగున మిగిలే ఈస్టు ముద్దని నేరుగా డ్రైన్లోకి వదిలేవాళ్లం. చిక్కగా, మీగడ రంగులో, దోసెల పిండిలా ఉంటుంది. ఒక వేసవిలో వెనక కాలువ మీద తెల్లటి నురగ కట్టి, నాలుగు రోజులు మగ్గిన పిండి కంపు. పక్క వీధి ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి ‘మీరేం పోస్తున్నారు బాబూ, పిల్లలు అన్నం తినలేకపోతున్నారు’ అంది. ఆ రోజు వాల్వు తిప్పింది నేనే. ఆవిడకి ఏం చెప్పానో కూడా గుర్తులేదు, తలొంచుకున్నాను, అంతే గుర్తుంది.

ఆ ముద్దలో విషం ఏమీ ఉండదు, తిండే ఉంటుంది. సమస్య కూడా అదే. కాలువలో ఉండే సూక్ష్మజీవులకి అంత తిండి ఒక్కసారి దొరికితే అవి పెరిగిపోయి నీళ్లలోని ఆక్సిజన్ అంతా లాగేస్తాయి, చేపలకి ఊపిరి ఉండదు. దీన్ని కొలిచేదే బీఓడీ. నదుల్లోకి వదిలే నీళ్లకి అది లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన, బ్రూవరీ నుంచి శుద్ధి చేయకుండా వచ్చే నీళ్లలో అది వేలల్లో ఉంటుంది. నేను ఇప్పుడు పనిచేసే చోట ఈస్టుని విడిగా డ్రమ్ముల్లో పడతాం, బార్లీ పిప్పి పాడి రైతులు వచ్చి పట్టుకెళ్తారు, గేదెలు ఇష్టంగా తింటాయి. ఇంత చేసినా నీళ్ల ఖర్చు నేను అనుకున్నంత తగ్గలేదు.

ఎలాంటి బీరు అంటారా? అందరూ ముందు అనేది అనకాపల్లి బెల్లం. బెల్లం వేస్తే తియ్యగా ఉంటుందనుకుంటారు, ఉండదు, ఈస్టు ఆ తీపిని దాదాపు మొత్తం తినేస్తుంది, బీరు పలచబడి పాకం వాసన మాత్రం మిగులుతుంది. బాగానే ఉంటుంది, కానీ అనకాపల్లి చెరుకు తాగిన నీళ్లు శారదా నదివి. శారద పేరు పెడితే బెల్లం పెట్టండి. గోస్తని పుట్టేది అనంతగిరి కొండల్లో, అక్కడ పండేది కాఫీ. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి సరుకని చెప్పే ముద్ర) కూడా వచ్చింది. ఆ కాఫీ నీడ చెట్ల కింద పెరుగుతుంది, సిల్వర్ ఓక్ మానుకి మిరియాల తీగ పాకించి కింద కాఫీ వేస్తారు, ఆ వేళ్లే కొండ మట్టిని వానకి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేవి. నేనైతే స్టౌట్ అనే నల్లటి బీరు కాచి, చల్లారాక కాఫీ గింజలు పగలగొట్టి ఒక్క రోజు నానబెడతాను. ఉడకబెట్టకూడదు, ఉడికిస్తే మాడు చేదు వస్తుంది.

మన కుళాయి నీళ్లు రిజర్వాయర్లవి, ఉప్పు తక్కువ, బీరుకి మంచివే, కాకపోతే క్లోరిన్ బాగా తీసేయాలి. తీయకపోతే అది మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో) కలిసి బ్యాండేజి గుడ్డ వాసన వస్తుంది.


లెక్కల మనిషి

డబ్బు గురించి అడిగారు కాబట్టి ఆ ముక్క వరకే చెప్తాను. ‘లాభంలో కొంత నదికి’ అని రాసిన దేన్నీ నమ్మకండి. లాభం అనేది అద్దె, జీతాలు, వడ్డీ అన్నీ పోయాక మిగిలేది, మొదటి రెండేళ్లు చాలా చోట్ల అది సున్నా. సున్నాలో పది శాతం కూడా సున్నాయే. గ్లాసుకి ఇంత అని గోడ మీద రాయించండి. ఉదాహరణకి 500 లీటర్ల బ్యాచ్ అనుకుందాం, వృథా పోను 330 మిల్లీలీటర్ల గ్లాసులు 1,400 వస్తాయి, గ్లాసుకి పది రూపాయలంటే 14 వేలు. చిన్న మొత్తమే, కానీ ఎవరైనా బిల్లులు కూడి చూసుకోవచ్చు. ఆ 14 వేలు ఎవరికి ఇచ్చారు, రసీదు ఏది, దాంతో ఏం చేశారు, ఈ మూడూ అదే గోడ మీద అతికించాలి.

కంపెనీల చట్టం 2013 ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాల్సింది పెద్ద కంపెనీలే, అంటే నికర లాభం 5 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నెట్‌వర్త్ 500 కోట్లు దాటినవి. చిన్న బ్రూవరీని ఆ చట్టం అడగదు, అడగాల్సింది తాగేవాళ్లే.

ఇంకో ఉదాహరణ. ఓరెగాన్‌లో డెషూట్స్ బ్రూవరీ అని ఒకటి ఉంది, వాళ్ల ఊరి నది పేరే పెట్టుకున్నారు. సాగుకి మళ్లించడం వల్ల ఎండాకాలంలో ఆ నది బాగా సన్నబడేది. వాళ్లు నది సంరక్షణ సంస్థతో కలిసి, రైతుల నీటి హక్కుల్ని లీజుకి తీసుకుని ఆ నీళ్లు నదిలోనే వదిలేసేలా చేశారు, ఏటా వంద కోట్ల గ్యాలన్ల దాకా లక్ష్యంగా పెట్టుకున్నారు. ఇక్కడ నాకు నచ్చింది లెక్క నీళ్లలో చెప్పడం. రూపాయలు ఇచ్చామంటే అవి ఎటు పోయాయో ఎవరికి తెలుసు, నదిలో నీళ్లు పెరిగాయా లేదా అనేది మాత్రం కొలిచి చూడొచ్చు.


అక్కయ్యపాలెం అమ్మ

బాబూ, నువ్వు మంచి మనసుతో రాశావని తెలుస్తోంది, అందుకే నాకు అనిపించింది కూడా సూటిగానే చెప్తున్నాను. నాకు ఈ ఆలోచన గుచ్చుకుంది. నేను టీచరుగా పల్లెల్లో చాలా ఏళ్లు పనిచేశాను, మొగుళ్లు కూలి డబ్బులు తాగేసి వస్తే పిల్లల పుస్తకాలు అమ్ముకున్న ఇళ్లు చూశాను. ఈ రాష్ట్రంలోనే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ దెబ్బకి 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్యనిషేధం వచ్చాయి, రెండేళ్లకే ఎత్తేశారు, అది వేరే కథ. ఆ పోరాటం చేసిన తల్లుల ముందు నిలబడి ‘తాగండి, నది బాగుపడుతుంది’ అని చెప్పగలవా? మీ డాబా మీద ఒక గ్లాసు రుచి చూడటం వేరు, మంచిపని పేరు చెప్పి తాగమనడం వేరు. తాగడానికి ఇంకో కారణం ఎవరికీ ఇవ్వొద్దు.

నదికి చేయొద్దని కాదు నా మాట. గోస్తని పేరు పెట్టాలంటే గోలీ సోడాకి పెట్టండి, అల్లం సోడాకి పెట్టండి, ఆ కొండల కాఫీకే పెట్టండి. పిల్లలూ తాగుతారు, ఆడవాళ్లూ కొంటారు, పది రూపాయల చోట ఒక రూపాయి వచ్చినా కొనేవాళ్లు పదింతలుంటారు. మా ఇంట్లో నేనే నెలకి అరకిలో కాఫీ పొడి కొంటాను. ఇందులో ఒక్క ముక్క నదికి వెళ్తుందని తెలిస్తే దుకాణం మారుస్తాను.


మాల్టూ హాప్సూ

అమ్మా, మీ మాట కాదనను. లేబుల్ మీద ‘నది కోసం తాగండి’ లాంటిది ఎప్పటికీ రాయకూడదు, మా వృత్తిలో ఉన్నవాళ్లే ముందు ఒప్పుకోవాలి. నేను అడిగేది వేరు. ఎలాగూ కాస్తున్న బీరుకి వాడే నీళ్లకి మేం బాకీ తీర్చాలి. దాన్ని దానం అని కూడా అననక్కర్లేదు. అల్లం సోడా మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు, మా ట్యాపుల్లో ఒకటి ఖాళీగానే ఉంటుంది, పులియబెట్టకుండా గ్యాసు ఎక్కించడమే కదా.


చిట్టివలస వంతెన

ఆలస్యంగా చూశాను. మాది గోస్తని ఒడ్డునే, చిట్టివలస పాత వంతెనకి నడిచి వెళ్లే దూరం. మూతబడిన జూట్ మిల్లులో మా నాన్నగారు పనిచేశారు.

మీరంతా బీరు, కాఫీ, సోడా అని మాట్లాడుతున్నారు, బాగుంది, కానీ ఇందులో ఎంతమంది గోస్తనిని ఒక్కసారైనా దగ్గరగా చూశారు? తప్పుపట్టడం కాదు, నిజంగానే అడుగుతున్నాను. బొర్రా గుహలకి అందరూ వెళ్తారు, ఆ గుహల్ని తొలిచింది ఈ ఏరే, లోపల ఆవు పొదుగులా వేలాడే రాయిని బట్టే గోస్తని అన్నారంటారు. తర్వాత తాటిపూడి దగ్గర ఆనకట్ట, అక్కడి నీళ్లు మీ కుళాయిల్లోకి. ఆ తర్వాత మిగిలినది మా దగ్గరికి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పర్యాటకులు పైన చూస్తారు, మళ్లీ కింద భీమిలి బీచ్‌లో చూస్తారు, మధ్యలో ఉన్నది ఎవరికీ కనిపించదు.

మా చిన్నప్పుడు ఎండాకాలం ఏరు ఎండినట్టే ఉండేది, కానీ నీళ్లకి లోటుండేది కాదు. ఇసుకలో మోచేతి లోతు చెలమ తవ్వితే ఊరేవి. ముందు బురదగా, ఆ నీళ్లు రెండుసార్లు తోడి పారబోస్తే మూడోసారి అద్దంలా ఉండేవి. మామ్మ కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసేది, చిప్ప అంచు ఇసుకకి తగిలినప్పుడు వచ్చే గరగర చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఇప్పుడు అదే చోట నడుంలోతు తవ్వినా జిగట మట్టే వస్తోంది. ఇసుక పోయింది. రాత్రిళ్లు లారీలు, ట్రాక్టర్లు, పొద్దున్నే చక్రాల గాళ్లు. ఎవరికి ఫిర్యాదు చేయాలో అందరికీ చేశాం, కాగితాలు ఉన్నాయి నా దగ్గర.

ఇసుక అంటే ఊరికే పడి ఉన్న సరుకు కాదు. వానాకాలం నీళ్లని అదే పీల్చి దాస్తుంది, వడకడుతుంది, ఎండాకాలం కొద్దికొద్దిగా వదులుతుంది. అది పోతే వాన నీళ్లు వచ్చినవి వచ్చినట్టే సముద్రంలోకి పోతాయి, చుట్టుపక్కల బావులు దిగిపోతాయి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి ఉప్పునీళ్లు పైకి ఎగదన్నుతాయి. మా పెదనాన్న గారి బావి నీళ్లతో పప్పు ఉడకడం మానేసింది, అలా తెలిసింది మాకు.

కాబట్టి డబ్బు వస్తే ఏం చేయాలని అడిగితే, మొక్కలు నాటి ఫోటో దిగొద్దు. ఒక చిన్న మీటరు కొనండి, నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పేది. తాటిపూడి కింద నుంచి మొగ దాకా ఊరికొక బావి చొప్పున ఎంచుకుని, వారానికోసారి నీటి మట్టం, ఉప్పు రాయించండి. ఇంటర్ చదివే పిల్లలు చేయగలరు, వాళ్లకి నెలకింత ఇవ్వండి. రెండు ఎండాకాలాల లెక్క చేతిలో ఉంటే అధికారుల దగ్గర మేం మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. ఇప్పుడు మేం ‘నీళ్లు ఉప్పగా ఉన్నాయండీ’ అంటే ‘ఎంత ఉప్పగా’ అని అడుగుతున్నారు, మా దగ్గర జవాబు లేదు. ఆ క్లీవ్‌లాండ్ మేయరు విలేకరుల్ని ఒడ్డుకి తీసుకెళ్లి మంట వచ్చిన చోటు చూపించాడని రాశారు కదా. మా ఏరు మండదు, నురగ కూడా కట్టదు, చప్పుడు చేయకుండా ఇంకిపోతోంది, దాన్ని ఫోటోలో చూపించలేం. అంకెల్లోనే చూపించాలి.


లెక్కల మనిషి

ఇది సరైన పద్ధతి. మీటరు, తాడు, పుస్తకం, నలుగురు పిల్లలకి నెలకి కొంత, నేను పైన చెప్పిన 14 వేల లోపలే మొదలవుతుంది. ఆ పుస్తకం నమూనా గీసి పెడతాను. తేదీ, బావి, మట్టం, ఉప్పు, రాసినవాళ్ల సంతకం, అంతే, ఇంకేం వద్దు, కాలమ్స్ ఎక్కువైతే ఎవరూ రాయరు.


వాల్తేరు అప్‌ల్యాండ్స్

అందరికీ చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను. అక్కయ్యపాలెం అమ్మగారూ, మీరన్నది మనసుకి తగిలింది, బీరు సంగతి బ్రూవరీవాళ్లు తమ నీళ్ల బాకీగా చూసుకుంటే చూసుకోనివ్వండి, మనం మాత్రం కాఫీతో, సోడాతో మొదలుపెడదాం. కాఫీ పొడి అమ్మే ఇద్దరితో ఈ వారం నేనే మాట్లాడతాను, కిలోకి ఇంత అని రాసిస్తారేమో అడుగుతాను, రాసివ్వకపోతే వదిలేస్తాను.

చిట్టివలస అన్నగారూ, నేను చూడలేదు. నలభై ఏళ్లు వచ్చాయి, భీమిలి దాకా వందసార్లు వెళ్లి ఉంటాను, ఆ వంతెన దగ్గరికి ఒక్కసారీ రాలేదు. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి వస్తాను, మీకు వీలైతే మీ పెదనాన్న గారి బావి చూపించండి. నీటిలో ఉప్పు కొలిచే మీటరు ఈరోజే ఆర్డరు పెట్టాను, శుక్రవారానికి వస్తుందన్నారు. బావగారు కూడా వస్తానంటున్నారు, ఆయన ఈ నెలాఖరుదాకా ఇక్కడే ఉంటారు. ఇంకెవరైనా వచ్చేట్టయితే మద్దిలపాలెం జంక్షన్ దగ్గర అయిదుంపావుకి కలుద్దాం, కారులో ఇద్దరికి చోటుంది.


చిట్టివలస వంతెన

రండి. వంతెనకి ఇవతల వైపే ఆపుకోండి, అక్కడ నీడ ఉంటుంది. చెప్పులు ఊడినా పర్వాలేదనుకునేవి వేసుకోండి, ఏట్లోకి దిగాలి. తాడు నా దగ్గర ఉంది, గజం గజానికీ ముడి వేసి ఉంచుతాను.


అక్కయ్యపాలెం అమ్మ

కారులో ఒక చోటు నాకు ఉంచు బాబూ. ఫ్లాస్కులో కాఫీ నేను తెస్తాను.